ఒకటొకటిగారు ‘వైల్’ నేర్చుకున్న నెల

ఆస్పత్రి లాండ్రీలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది హాజరు వేసుకునే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన ఒకటొకటిగారు. ఎదురుగా ఉంటే చివర ‘గారు’ ఉంటుంది, ఆయన అటు తిరగ్గానే అది రాలిపోతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పట్టించుకోవాలంటే చేస్తున్న పని ఆపాలి కాబట్టి పట్టించుకోడు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరైనా తొందరపెడితే ఆయన నోట వచ్చేది ఒకటే మాట: “ఒకటొకటి. ఒకటయ్యాకే ఒకటి.” చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు పలకరిస్తే చివరి గుండీ పడ్డాకే జవాబు. భోజనం దగ్గర ఫోన్ మోగితే, మోగి మోగి దానికే విసుగొచ్చి ఊరుకోవాలి. “ఈయనకి తుమ్ము రావాలన్నా ముందు నడక ఆగాలి,” అంటుంది భార్య. ఆవిడేమో ఒక చేత్తో కూర కలుపుతూ, రేడియో వింటూ, కిటికీలోంచి పక్కింటావిడతో మాట్లాడుతూ, ఆ సందులోనే మొగుణ్ణి కూడా ఓ మాట అనగల మనిషి. ఇలాంటి ఇద్దరూ ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో ఎలా నెగ్గుకొచ్చారో అని చుట్టాలు ఆశ్చర్యపోతారు. రహస్యమేమీ లేదు. ఆవిడ వంటగదిలో ఉన్నంతసేపూ ఆయన అటు వెళ్ళడు.

లాండ్రీలో ఆయన పని బాయిలర్. ఆస్పత్రి దుప్పట్లు ఉతకాలన్నా, ఆరబెట్టాలన్నా, ఇస్త్రీ చెయ్యాలన్నా ఆవిరి కావాలి, ఆ ఆవిరి పుట్టేది ఆయన గదిలో. ఇరవయ్యారేళ్ళ క్రితం ఆ పని నేర్పింది అప్పటి పెద్దమేస్త్రి. ఆ మేస్త్రి ఎడమ చేతి చర్మం మోచేతి దాకా గులాబీ రంగులో నున్నగా మెరిసేది, ఎప్పుడో ఆవిరి కాల్చిన గుర్తు. ఎలా కాలిందని అడిగితే చెప్పేవాడు కాదు. పని మాత్రం చెప్పేవాడు.

రోజూ పొద్దున్న బాయిలర్ అడుగున పేరుకున్న మడ్డిని బయటికి వదలాలి. దాన్ని బ్లోడౌన్ అంటారు. కింద ఉన్న వాల్వు చక్రం తిప్పితే వేడి నీళ్ళతో పాటు మడ్డి బుసకొడుతూ పోతుంది. లోపల నీళ్ళు ఎంత తగ్గుతున్నాయో ఎదురుగా నిలువుగా బిగించిన గాజు గొట్టంలో కనిపిస్తుంది. సగానికి రాగానే వాల్వు కట్టెయ్యాలి. నీళ్ళు మరీ దిగిపోతే లోపలి గొట్టాలు ఎర్రగా కాలిపోతాయి, ఆ తర్వాత బాయిలర్ బాయిలర్‌గా ఉండదు, పక్క గదిలో ఇస్త్రీ చేసే పదకొండు మంది ఆడవాళ్ళూ ఉండరు.

“కళ్ళు రెండున్నా చూపొక్కటేరా,” అనేవాడు పెద్దమేస్త్రి. “కుడి చెయ్యి చక్రం మీద, చూపు గాజు మీద. ఎడం చెయ్యి జేబులో పెట్టుకో. ఖాళీగా ఉన్న చెయ్యి ఊరుకోదు, పని వెతుక్కుంటుంది.”

ఇరవయ్యారేళ్ళు ఆ ఎడమ చెయ్యి జేబు దాటి రాలేదు. మెల్లమెల్లగా ఆ అలవాటు బాయిలర్ గది గడప దాటి, గుండీలకీ భోజనానికీ తుమ్ములకీ కూడా పాకింది. అంతే కథ, ఆయన పుట్టుకతో మందకొడి అని చెప్పుకునేవాళ్ళ మాట నమ్మకండి.

ఒకరోజు లాండ్రీ సూపరింటెండెంట్ పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన కుర్చీ చూపించాడంటే చెడ్డవార్తే.

“కొత్త బాయిలర్ వస్తోందండీ. దాని తెర మీద అంతా ఇంగ్లీషే. నడిపేవాళ్ళకి సర్టిఫికెట్ ఉండాలట. నెల తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ వస్తారు, ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో నోటితోనే అడుగుతారు. ఇవిగో, పోయినసారి అడిగినవి.”

ఒకటొకటిగారు కాగితాలు తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, అప్పుడు అడిగాడు. “రాకపోతే?”

“రాకపోతే… పని పోదులెండి. కింద విడదీసే గదిలో వేస్తాం.”

మాసిన దుప్పట్లు సంచుల్లో వచ్చి పడే గది అది. అక్కడ పనిచేసేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు లేదు. కానీ బాయిలర్ మూడ్ ఆయనకు శబ్దాన్ని బట్టి తెలుస్తుంది. పొద్దున్నే గది తలుపు తియ్యగానే అది మామూలుగా ఉందో, దిగులుగా ఉందో చెప్పగలడు. అది లేకుండా ఏభై మూడో ఏట తనెవరో కొత్తగా తెలుసుకోవాలంటే ఆయనకు భయం వేసింది.

పరీక్ష రెండో షిఫ్టు ఆపరేటర్‌కి కూడా ఉంది. అతన్ని లాండ్రీలో చకచక అంటారు. చెవికీ భుజానికీ మధ్య ఫోను, ఒక చేతిలో స్పానరు, ఇంకో చేతిలో కొరికిన ఆపిల్, అలా ఉంటుంది అతని షిఫ్టు. మనిషి మంచివాడే, పనిమంతుడే. “ఏముంది గురువుగారూ, కళ్ళు మూసుకుని చెప్పేద్దాం,” అన్నాడు. ఒకటొకటిగారికి ఇంగ్లీషు కళ్ళు తెరిచినా కష్టమే. మీటర్ల మీద మాటలు తెలుసు, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవగలడు, వాక్యం కట్టమంటే మాత్రం చెమటలు పడతాయి.

ఇంట్లో కోడలు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. కాపురానికొచ్చి మూడేళ్ళయినా మామాకోడళ్ళ మధ్య మాటలు “తిన్నారా మామయ్యా,” “తిన్నానమ్మా” దగ్గరే ఆగాయి. ఆ సాయంత్రం ఆయన కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “నన్ను నీ క్లాసులో చేర్చుకుంటావా అమ్మా?” అని అడిగేసరికి ఆమెకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. చేతిలోని నోటుపుస్తకాలు పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“మామయ్యా, నలభై ప్రశ్నలుంటే ఇరవై మూడింట్లో ఒకే మాట ఉంది, చూశారా? వైల్.”

“చూశాను. నా బండి దాని దగ్గరే ఆగిపోతోంది.”

“దానికి రెండు పనులు. ఒకటి కాలం. ఒక పని జరుగుతున్నంతసేపూ ఇంకోటి జరగడం. టప్పున అయిపోయేదానికి వాడకండి, కొంతసేపు సాగేదానికే. రెండోది తేడా. వీళ్ళిలా, వాళ్ళలా అని పక్కపక్కన నిలబెట్టి చూపించడం. అత్తయ్యకి కారం ఇష్టం, మీకు తీపి ఇష్టం. ఆ మధ్యలో వైల్ పెట్టేయొచ్చు.”

“తేడా సంగతి సరే. మొదటిదానికి ఓ ఉదాహరణ చెప్పు.”

“అత్తయ్య మాట్లాడుతున్నంతసేపూ మామయ్య వింటారు.”

“అబద్ధాలు నేర్పకే అమ్మాయ్!” అని వంటగదిలోంచి వినిపించింది.

రోజుకి ఐదు వాక్యాలు సొంతంగా రాసి తెమ్మంది కోడలు, రోజూ చేసే పనుల గురించే. చిక్కంతా అక్కడే వచ్చింది. మర్నాడు ఆయన తెల్ల పుస్తకం తెచ్చాడు.

“ఏం మామయ్యా, ఒక్కటీ రాయలేదే?”

“రెండు పనులు ఒకేసారి నేనెప్పుడు చేశానమ్మా, రాయడానికి?”

“టీ తాగేటప్పుడు పేపరు చదువుతారుగా?”

“టీ తాగాక చదువుతాను.”

“ఊరికే వాక్యం కోసం, అలా అనుకోండి.”

“ఆ ఇన్‌స్పెక్టరమ్మ నిజమేనా అని అడిగితే?”

కోడలు బతిమాలింది, ఉదాహరణలు నిజం కానక్కర్లేదంది. ఆయన బుర్ర ఊపాడు గానీ మనసుకెక్కలేదు. చెయ్యనిదాన్ని చేశానని, రోజూ పని వివరాలు నమోదు చేసే బాయిలర్ పుస్తకంలో రాయడం ఎంత తప్పో, ఈ పుస్తకంలో రాయడమూ అంతే తప్పని ఆయన లెక్క. అందుకని ఆయనకు తోచిన దారి ఒక్కటే. వాక్యం నిజం కావాలంటే ముందు పని చెయ్యాలి, తర్వాత రాయాలి.

సోమవారం టీ తాగుతూ గడ్డం గీసుకున్నాడు. నురగ ఏది టీలోదో ఏది గడ్డానిదో తెలియక రెండూ మింగాడు. మంగళవారం పేపరు చదువుతూ చెప్పులు వేసుకుని లాండ్రీకి వెళ్ళాడు. ఇస్త్రీ ఆడవాళ్ళు పదకొండు మందీ వరసగా నిలబడి ఆయన కాళ్ళే చూశారు. ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది.

“రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళ గురించి విన్నాను గానీ, రెండు జతల్లో కాళ్ళు పెట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా,” అంది భార్య. కొడుకుతో ఫోన్లో మాట్లాడుతూ మొక్కలకు నీళ్ళు పోసినరోజు పక్కింటివాళ్ళ పరుపు తడిసింది. భార్య వెళ్ళి క్షమాపణ చెప్పుకొచ్చింది. “ముప్ఫై ఏళ్ళు నిదానంతో చంపారు, ఇప్పుడు తొందరతో చంపుతున్నారు. దీనికంటే అదే నయం!”

ఆయన మాత్రం సంతోషంగానే ఉన్నాడు. పుస్తకం నిండుతోంది. కోడలు ఎర్ర సిరాతో టిక్కులు పెడుతోంది, సాయంత్రాలు ఇంట్లో నవ్వులు వినిపిస్తున్నాయి. ఈ వయసులో ఒకరు తన రాతకి టిక్కు పెడితే ఇంత బాగుంటుందని ఆయన అనుకోలేదు.

పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా, పొద్దున్న ఆరూ నలభైకి బ్లోడౌన్ మొదలుపెట్టాడు. కుడి చెయ్యి చక్రం మీద ఉంది. ఎడమ చెయ్యి జేబులోకి వెళ్ళింది. జేబులో ఆ చిన్న పుస్తకం తగిలింది. ఖాళీ చెయ్యి ఊరుకుంటుందా, దాన్ని పట్టుకుని బయటికి తెచ్చింది. ఆవిరి బుసకొడుతుంటే ఆయన నిన్నటి ఐదు వాక్యాలూ పెదాలతో చదువుకున్నాడు. మూడో వాక్యం దగ్గర ఏదో తేడాగా అనిపించింది, దాన్ని మళ్ళీ చదివాడు.

తల ఎత్తేసరికి గాజు గొట్టంలో నీళ్ళు లేవు. ఒక్క క్షణం అలాగే అనిపించింది. తర్వాత కనిపించాయి, అడుగున ఉన్న బిరడాకి వేలు మందం పైన. ఆయన చక్రం తిప్పిన వేగానికి అరచెయ్యి దోక్కుపోయింది. వాల్వు మూసుకుంది. పంపు నీళ్ళు నింపుతుంటే గాజులో నీటిమట్టం మెల్లగా, మెల్లగా పైకొచ్చింది. అది సగం దాటాక బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. పక్క గదిలో ఇస్త్రీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్న చప్పుడు, ఎవరో ఎవరినో ఆట పట్టిస్తున్నారు. ఆ నవ్వులు వింటూ ఆయన రెండు చేతుల్నీ జేబుల్లో పెట్టుకున్నాడు.

ఎవరూ చూడలేదు. సైరను మోగలేదు. ఆయన లేచి బాయిలర్ పుస్తకం తెరిచి, ఎప్పట్లాగే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: ‘ఉదయం 6.40. బ్లోడౌన్‌లో నీళ్ళు అడుగుకి దిగాయి. తప్పు నాది. పుస్తకం చదువుతున్నాను.’

షిఫ్టు మారేటప్పుడు అది చదివిన చకచక నోరు తెరిచాడు. మొదటిసారి అతని చేతిలో ఆపిల్ కదలకుండా ఆగింది.

“ఇదేంటి గురువుగారూ! ఇన్‌స్పెక్టరమ్మ మొట్టమొదట ఈ పుస్తకమే అడుగుతుంది. మీ మెడకి మీరే తాడు పేనుకుంటారా? టీ ఒలికిందని ఈ పేజీ చింపేద్దాం. నేనే ఒలికించానని చెప్తాను.”

“వద్దు.”

“ఏమీ కాలేదుగా!”

“కాలేదు. అయ్యేది,” అని ఒకటొకటిగారు పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు. చకచక మళ్ళీ పుస్తకం జోలికి రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి కొడుకు బస్సులోనే వెళ్ళాడు. కొడుకు డ్రైవరు. ముందు తలుపులోంచి ఎక్కిన నాన్నని అద్దంలో చూసుంటాడు, అయినా తల తిప్పలేదు. ఒకటొకటిగారు డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. మనసులో విడదీసే గది కనిపిస్తోంది, మాసిన సంచులు కనిపిస్తున్నాయి. ఇంక పరీక్షకి వెళ్ళడం ఎందుకు, సూపరింటెండెంట్‌కి ఒక మాట చెప్పి తనంతట తనే కిందికి దిగిపోతే మర్యాదగా ఉంటుందేమో అనుకున్నాడు.

కళ్ళెదురుగా రేకు బోర్డు ఉంది. పదేళ్ళుగా ఆ బస్సెక్కుతున్నా ఎప్పుడూ చదవలేదు. ఇప్పుడు అక్షరాలు వాటంతట అవే కూడాయి. బస్సు కదులుతున్నంతసేపూ డ్రైవరుతో మాట్లాడకండి. ఇంగ్లీషులో, ఆ బోర్డు నడుమ, నిక్షేపంలా ఉంది ‘వైల్’. ఆయన రెండోసారి చదివాడు, మూడోసారి చదివాడు. ఇన్నాళ్ళూ ఆ మాటంటే రెండు పనులు చెయ్యమనే ఆజ్ఞ అనుకున్నాడు. ఒక పని సాగుతున్నంతసేపూ ఇంకోటి చెయ్యొద్దు అని చెప్పడానికి కూడా అదే మాట కావాలని తట్టనే లేదు.

స్టాపులో బస్సు ఆగింది, బ్రేకు బిగిసింది. అప్పుడు కొడుకు వెనక్కి తిరిగాడు. “కూర్చో నాన్నా, సీటు ఖాళీ అయింది. ముఖం అలా ఉందేంటి?”

“ఏం లేదురా. నువ్వు బస్సు నడుపు,” అన్నాడాయన. వీడిలో జేబు దాటని తన ఎడమ చెయ్యి ఉందని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు.

ఇంటికెళ్ళాక కోడలికి జరిగిందంతా చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది. “నా వల్లే మామయ్యా, రోజూ ఐదు వాక్యాలని ప్రాణం తీశాను.”

“నీ వల్ల కాదమ్మా. చదువుకునేచోట చదవాలి, చూసేచోట చూడాలి. ఒకటొకటి అని ఊరంతా నన్ను పిలుస్తుంటే నేనే మరిచిపోయాను.” ఆ రోజు నుంచి పుస్తకం ఇల్లు దాటలేదు. గడ్డం గడ్డంలాగా, టీ టీలాగా సాగాయి. పక్కింటివాళ్ళ పరుపు ఆరింది.

పరీక్షరోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మకి నలభై ఐదేళ్ళుంటాయి. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. కాళ్ళకి బూట్లు, ముందు భాగం అరిగి రంగు పోయింది. ఎన్ని బాయిలర్ల నిచ్చెనలెక్కిన బూట్లో అనుకున్నాడు ఒకటొకటిగారు. చంకలో బాయిలర్ పుస్తకం పెట్టుకుని ఆమె సూపరింటెండెంట్ గదిలోకి వెళ్ళింది.

ముందు చకచక వెళ్ళాడు. పది నిమిషాల్లో బయటికొచ్చాడు, ముఖంలో నెత్తురుచుక్క లేదు. “నేను చెప్తూనే ఉన్నాను గురువుగారూ, ఆవిడ రాసుకుంటూనే ఉంది. ఏం రాసిందో!”

ఒకటొకటిగారు లోపలికి వెళ్ళి, తలుపు వేసి, నమస్కారం పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. సూపరింటెండెంట్ ఓ మూల గోళ్ళు కొరుక్కుంటున్నాడు. మొదటి ప్రశ్నలు సులువుగానే సాగాయి. ఆవిరి ఒత్తిడి ఎంత, సేఫ్టీ వాల్వు ఎందుకు, నీళ్ళు ఎక్కువైతే ఏమవుతుంది. ఆయన ఒక్కో మాటా వెతుక్కుని, దుమ్ము దులిపి, వరసలో పెట్టి చెప్పాడు. ఆమె తొందరపెట్టలేదు.

అప్పుడు బాయిలర్ పుస్తకం తెరిచింది. కాగితం గుర్తు పెట్టిన పేజీ. ఒకటొకటిగారికి చూడకుండానే తెలిసింది.

“ఇది మీ రాతేనా?” అని ఇంగ్లీషులో అడిగింది.

“ఎస్ మేడమ్.”

“వాల్వు తెరిచి ఉన్నంతసేపూ మీరేం చేస్తున్నారు?” అదీ ఇంగ్లీషులోనే. ప్రశ్న మధ్యలో ఆ మాట టంగుమంది.

నిజం ఉన్నప్పుడు వాక్యం కట్టడం కష్టం కాదని ఆయనకు అప్పుడే తెలిసింది. “వైల్ ద వాల్వ్ వాజ్ ఓపెన్, ఐ వాజ్ రీడింగ్.”

“రీడింగ్ వాట్?”

“వైల్, మేడమ్.”

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆయన వంక చూసింది. మూలనున్న సూపరింటెండెంట్ దగ్గాడు. ఒకటొకటిగారు నెమ్మదిగా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ముందు పెట్టాడు. లోపలికి పిలిచేదాకా ఓసారి చూసుకుందామని ఆ ఒక్కరోజే వెంట తెచ్చుకున్నాడు. ఆమె పేజీలు తిప్పింది. టీ తాగుతూ గడ్డం గీసుకుంటాను. పేపరు చదువుతూ చెప్పులు వేసుకుంటాను. పక్కనే ఎర్ర టిక్కులు. ఆమె పెదవి ఓ చివర వణికింది గానీ నవ్వలేదు.

“తప్పే చేశారు,” అంది.

“ఎస్ మేడమ్.”

“మరి ఇప్పుడు? ఇప్పుడు వాల్వు తెరిచి ఉన్నంతసేపూ ఏం చేస్తారు?”

ఈ ప్రశ్నకి ఆపరేటర్లిద్దరూ బట్టీ పట్టిన జవాబొకటుంది, చకచక తయారుచేసిందే. పంపు చూస్తాను, రీడింగు రాస్తాను, ఇస్త్రీ గదికి కబురు పెడతాను అని మూడు వాక్యాలు. అవి ఒకటొకటిగారి నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఆయన వాటిని మింగేశాడు. కుర్చీలోంచి లేచాడు.

కొంచెం వంగి, కుడి చేత్తో లేని చక్రాన్ని పట్టుకున్నాడు. దాన్ని తిప్పాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. టేబుల్ మీద ఇన్‌స్పెక్టరమ్మ మంచినీళ్ళ గ్లాసు ఉంది, దాని మీద చూపు నిలిపాడు. ఇంక కదల్లేదు.

ఆమె ప్రశ్న మళ్ళీ అడిగింది. ఆయన పలకలేదు. సూపరింటెండెంట్ ఉండబట్టలేక, “చెప్పండి, అడుగుతున్నారు కదా,” అన్నాడు. పలకలేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. సూపరింటెండెంట్ నుదురు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ కలం కింద పెట్టి, చేతులు కట్టుకుని, ఆయన చూస్తున్న గ్లాసునే తనూ చూసింది.

చివరికి ఆయన చక్రాన్ని వెనక్కి తిప్పాడు, గట్టిగా బిగించాడు, నడుము నిటారు చేశాడు. అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

“సారీ మేడమ్. వైల్ ద వాల్వ్ ఈజ్ ఓపెన్, ఐ డు నథింగ్ ఎల్స్. ఐ లుక్.”

“ఇందాకటి ఆపరేటర్ మూడు పనులు చేస్తానన్నారే?” అని అడిగింది ఆమె.

ఒకటొకటిగారు ఇరకాటంలో పడ్డాడు. చకచకని తక్కువ చెయ్యడం ఆయనకు ఇష్టం లేదు. కోడలి కారం, తీపి గుర్తొచ్చాయి. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టాడు. “హి ఈజ్ ఫాస్ట్, వైల్ ఐ యామ్ స్లో,” అన్నాడు. మళ్ళీ ఆలోచించి, అతనూ మంచి పనివాడే, పంపు చెడితే వేగం కావాలి, వాల్వు దగ్గర నిదానం కావాలి అని వచ్చీరాని మాటల్లో చెప్పాడు.

అప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ నవ్వింది, ఆపుకున్న నవ్వంతా కలిపి. ఇంగ్లీషు పక్కన పెట్టేసింది.

“పద్దెనిమిదేళ్ళుగా అడుగుతున్నానండీ ఈ ప్రశ్న. అందరూ ఇది చేస్తాం, అది చేస్తాం అని పనులే చెప్తారు. ఖాళీగా ఉంటామంటే ఎక్కడ తప్పిస్తానో అని భయం. చూస్తూ నిలబడటమే పని అన్నవాళ్ళు మీతో కలిపి నలుగురు.” బాయిలర్ పుస్తకంలో ఆ పేజీ మీద వేలు ఆనించింది. “ఇక ఇది. ఇరవయ్యారేళ్ళలో ఒక్క తప్పు కూడా లేని పుస్తకం చూపించుంటే నేను ఈ గదిలో ఇంకో రెండు గంటలు కూర్చునేదాన్ని. తప్పు లేని పుస్తకమంటే నాకు నమ్మకం లేదు. మీరు బాయిలర్ నడపండి. ఇందాకటాయన్ని నెల తర్వాత మళ్ళీ రమ్మనండి. ఈలోగా ఆ జేబు సంగతేదో మీరే నేర్పండి.”

ఒకటొకటిగారు దండం పెట్టి బయటికొచ్చాడు. బయట చకచక గోడకానుకుని నిలబడి ఉన్నాడు. “నెలరోజుల్లో నీది కూడా అయిపోతుంది. రేపు ఆరున్నరకి రా. ఆపిల్ తేకు,” అన్నాడాయన. చకచక నిట్టూర్చి, వెంటనే నవ్వేశాడు.

ఇంట్లో ముగ్గురూ గుమ్మంలోనే కాచుకుని ఉన్నారు. కొడుకు సెలవు పెట్టాడు, కోడలు స్కూలు నుంచి పరుగున వచ్చింది, భార్య చేతిలో టీ గ్లాసు. ఒకటొకటిగారు చెప్పులు విప్పి, జత సరిగ్గా పెట్టి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని, టీ అందుకున్నాడు.

“ఏమైందండీ?”

ఆయన టీ తాగుతున్నాడు.

“మిమ్మల్నే! వచ్చిందా, పోయిందా?”

ఆయన ఇంకో గుక్క తాగాడు. టీ వేడిగా ఉంది, ఊదుకున్నాడు. “ఈ మనిషితో నా వల్ల కాదు,” అని భార్య నెత్తి కొట్టుకుంది. కొడుకు గ్లాసులో ఎంత మిగిలిందో వంగి చూశాడు. కోడలు రెండు చేతులూ బిగించి కూర్చుంది. చివరి చుక్క అయ్యాక ఆయన గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

“వచ్చింది,” అన్నాడు.

ఆ ఒక్క మాట నోరు దాటాక ఇంకేదో తెగింది. పొద్దున్నుంచీ, కాదు, ఆ ఆరూ నలభై నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదులైంది. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. గ్లాసు చూస్తూ నిలబడ్డ సంగతి చెప్పబోయి నవ్వాడు, సూపరింటెండెంట్ గోళ్ళు గుర్తొచ్చి నవ్వాడు. నవ్వుతుండగానే కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. తుడిచినకొద్దీ వస్తున్నాయి, నవ్వూ ఆగడం లేదు.

“మామయ్యా!” కోడలు ఎగిరి గంతేసింది. “చూసుకోండి, రెండూ ఒకేసారి! ఇది రాయండి పుస్తకంలో, ఇది నిజం!”

భార్య కొంగుతో తన కళ్ళు ఒత్తుకుంది. తర్వాత అదే కొంగు మొగుడి చేతికిచ్చింది.

“వద్దులెండి, మీకు అలవాటు లేదు,” అంది. “ముందు ఏడవండి. అది అయ్యాక నవ్వుదురుగాని.”